ఒకే గేమ్‌కి ఒకరు 2, ఇంకొకరు 10: ‘డెడ్లీ ప్రెమొనిషన్’ రివ్యూలను ఎలా చదవాలి?

2010 ఫిబ్రవరిలో అమెరికాలో ఎక్స్‌బాక్స్ 360 కోసం ఒక జపనీస్ సర్వైవల్ హారర్ గేమ్ రిలీజైంది. పేరు ‘డెడ్లీ ప్రెమొనిషన్’. దానికి ఐజీఎన్ అమెరికా ఎడిషన్ ఇచ్చిన స్కోర్ 10కి 2. డిస్ట్రక్టాయిడ్ ఇచ్చిన స్కోర్ 10కి 10. ఇద్దరు రివ్యూయర్లూ ఆడింది ఒకే గేమ్, ఒకే కన్సోల్ మీద. ఈ దెబ్బతో విమర్శకులను రెండుగా చీల్చిన సర్వైవల్ హారర్ గేమ్‌లలో నంబర్ వన్ అంటూ గిన్నిస్ గేమర్స్ ఎడిషన్‌లో రికార్డు కూడా వచ్చింది.

ఫోన్ రివ్యూ ఓపెన్ చేయగానే నేరుగా చివర్లో ఉన్న స్కోర్ దగ్గరికి స్క్రోల్ చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. సినిమాలకైతే మరీను. 2.75 అంటే ఓటీటీలో వచ్చాక చూద్దాంలే, 3.25 అంటే టికెట్ బుక్ చెయ్. ఆ అలవాటు ఎక్కడ మనల్ని ముంచుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి కేస్ స్టడీ నాకు దొరకలేదు. కాబట్టి ఇది గేమ్ రివ్యూ కాదు, రివ్యూలు చదవడం మీద ఒక పాఠం అనుకోండి. స్పాయిలర్స్ లేవు. హంతకుడెవరో చెప్పను.

ముందు గేమ్ గురించి కొంచెం

తయారు చేసింది ఒసాకాలోని యాక్సెస్ గేమ్స్. డైరెక్టర్ హిడెటాకా సుయెహిరో. గేమర్స్ అందరూ ఆయన్ని ‘స్వెరీ’ అనే పిలుస్తారు. జపాన్‌లో ఇదే గేమ్ ‘రెడ్ సీడ్స్ ప్రొఫైల్’ పేరుతో పీఎస్3 మీద కూడా వచ్చింది. అంతకుముందు దీని పేరు ‘రెయినీ వుడ్స్’. ఆ పేరుతో ట్రైలర్ చూపించినప్పుడు డేవిడ్ లించ్ తీసిన ‘ట్విన్ పీక్స్’ సీరియల్‌కి మరీ దగ్గరగా ఉందన్న మాటలు రావడంతో చాలా మార్చారు. మార్చాక కూడా పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అది వేరే విషయం.

హీరో ఎఫ్‌బీఐ ఏజెంట్ ఫ్రాన్సిస్ యార్క్ మోర్గాన్. గ్రీన్‌వేల్ అనే చిన్న అమెరికన్ ఊళ్ళో అన్నా గ్రాహమ్ అనే అమ్మాయి హత్య జరుగుతుంది. ఆ కేసు కోసం వస్తాడు. ఇతనికి ఒక అలవాటు. పక్కన మనుషులు ఉన్నా సరే, కణత మీద వేలు పెట్టుకుని ‘జాక్’ అనే కనిపించని వ్యక్తితో మాట్లాడుతుంటాడు. పొద్దున్నే తాగే కాఫీలో కనిపించే అక్షరాల్లో కేసుకి సంబంధించిన క్లూలు వెతుకుతాడు. గడ్డం పెరుగుతుంది, షేవ్ చేసుకోవాలి. సూట్ మార్చకపోతే చుట్టూ ఈగలు ముసురుతాయి. ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, కారులో పెట్రోల్ అయిపోతుంది. ఊళ్ళో వాళ్ళందరికీ గడియారం ప్రకారం సొంత టైమ్‌టేబుల్ ఉంటుంది. ఎవరు ఎప్పుడు షాపు తెరుస్తారు, ఎప్పుడు ఇంటికెళ్తారు అన్నది మీరు వెంటబడి చూడొచ్చు. కిటికీలోంచి తొంగి కూడా చూడొచ్చు.

ఇది సగం గేమ్. మిగతా సగంలో లోకం ఒక్కసారిగా చీకటిగా మారి, వెనక్కి వంగి నడిచే నీడలు మీదికొస్తాయి. వాటిని కాల్చుకుంటూ కారిడార్లలో పోవాలి. ‘రెసిడెంట్ ఈవిల్ 4’ తరహా షూటింగే, కాకపోతే అందులో ఉన్న పదును ఇందులో లేదు.

ఇద్దరూ రాసింది ఒకే బగ్ లిస్ట్

ఇక్కడే నాకు ఆసక్తి మొదలైంది. 2 ఇచ్చిన రివ్యూ, 10 ఇచ్చిన రివ్యూ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, లోపాల దగ్గర ఇద్దరికీ పెద్దగా గొడవే లేదు. గ్రాఫిక్స్ ఒక తరం వెనకబడి ఉన్నాయి. కంట్రోల్స్ మొద్దుగా ఉన్నాయి. ఫైటింగ్ విసుగు పుట్టిస్తుంది. 10 ఇచ్చిన రివ్యూ ఈ లోపాలను దాచలేదు సరికదా, ఈ గేమ్ చెత్తగా ఉండటంలోనే దాదాపు పరిపూర్ణతకి చేరిందన్న ధోరణిలో రాసింది. అవే లోపాలు రెండో చోట గేమ్‌ని మొత్తంగా తీసిపారేయడానికి కారణాలయ్యాయి.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఇది రోజూ కనిపించే సీనే. ఒకే బగ్‌ని ఇద్దరు టెస్టర్లు రిపోర్ట్ చేస్తారు. స్టెప్స్ ఒకటే, స్క్రీన్‌షాట్ ఒకటే. ఒకరు దానికి ‘క్రిటికల్’ అని పెడతారు, ఇంకొకరు ‘లో’ అని పెడతారు. బగ్ ఉందా లేదా అన్నది ఫ్యాక్ట్. అది ఎంత తీవ్రం అన్నది ఒక నిర్ణయం, ఒక వ్యక్తి తీసుకున్నది. రివ్యూ చదివేటప్పుడు మనం చేయాల్సిన మొదటి పని ఈ రెంటినీ విడదీయడం. ‘మ్యాప్‌ని పూర్తిగా జూమ్ అవుట్ చేయలేం’ అన్నది ఫ్యాక్ట్. ‘మ్యాప్ గేమ్‌ని నాశనం చేసింది’ అన్నది తీవ్రత. మొదటిది ఎవరు ఆడినా మారదు. రెండోది మీరు ఆడితే మారొచ్చు.

నేనైతే కాగితం మీద రెండు కాలమ్‌లు గీసి రాసుకుంటాను. పిచ్చిగా అనిపించొచ్చు కానీ ఒక్కసారి చేసి చూడండి. చాలా రివ్యూల్లో మొదటి కాలమ్ ఎంత ఖాళీగా ఉంటుందో చూసి ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు లెక్క

ఊరికే ఉదాహరణకి కొన్ని మార్కులు వేద్దాం. ఇవి నేను వేసినవి, ఏ సైట్‌వీ కావు. గ్రాఫిక్స్ 3, ఫైటింగ్ 3, కథ 9, ఊరూ పాత్రలూ 9.

మొదటి రివ్యూయర్‌కి గ్రాఫిక్స్, ఫైటింగ్ ముఖ్యం. ఒక్కోదానికి 40 శాతం వెయిటేజ్, మిగతా రెంటికీ చెరో 10 శాతం. టోటల్ 4.2. రెండో రివ్యూయర్‌ది దీనికి పూర్తిగా రివర్స్. టోటల్ 7.8. మార్కులు ఒక్కటి కూడా మారలేదు, అయినా ఒకరి దగ్గర ఫెయిల్, ఇంకొకరి దగ్గర డిస్టింక్షన్.

కానీ ఇక్కడ ఆగితే లెక్క పూర్తవదు. నేను కూడా మొదట ఇక్కడిదాకా వేసి, సరే అర్థమైంది అనుకోబోయాను. తర్వాత చూస్తే, 3కీ 9కీ మధ్య ఉన్న మార్కులకి ఏ వెయిటేజ్ ఇచ్చినా 2 రాదు, 10 రాదు. యావరేజ్ ఎప్పుడూ కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యలోనే ఉంటుంది కదా. అంటే ఆ ఇద్దరూ కూడిక చేయడం లేదు. ఇంకేదో చేస్తున్నారు.

2 ఇచ్చినవాళ్ళ దగ్గర జరుగుతున్నది గేట్ లాంటిది. కంట్రోలర్ చేతిలో సరిగ్గా పనిచేయకపోతే ఆ తర్వాత కథ ఎంత బాగున్నా లెక్కలోకి రాదు. ‘ఇఫ్’ కండిషన్ ఫెయిలైతే లోపలి కోడ్ రన్ కానట్టు. ఫోన్ల విషయంలో మనందరం ఇలాగే ఆలోచిస్తాం. కాల్ మాట్లాడుతుంటే కట్ అయిపోయే ఫోన్‌కి 200 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? కాబట్టి ఆ 2ని వెటకారం చేయడానికి లేదు. ఆటని ఆటగా చూసేవాళ్ళకి అది సరైన గేటే.

10 ఇచ్చినవాళ్ళ దగ్గర జరుగుతున్నది ఇంకా వింతైనది. అక్కడ లోపం మైనస్‌గా కాకుండా ప్లస్‌గా మారింది. హత్య గురించి సీరియస్‌గా మాట్లాడుకుంటున్న సీన్‌లో ఈల వేసుకునే సరదా ట్యూన్ మోగుతుంది. అదీ డైలాగ్ వినపడనంత గట్టిగా. మామూలు గేమ్‌లో అది సౌండ్ మిక్సింగ్ తప్పు. ఈ గేమ్‌లో యార్క్ అనే మనిషే అలా ఉంటాడు. శవం పక్కన నిలబడి లాలీపాప్ గురించి మాట్లాడగలడు. దాంతో ఆ తప్పు కూడా అతని స్వభావంలో భాగంలా అనిపిస్తుంది. టర్కీ మాంసం, స్ట్రాబెర్రీ జామ్, సీరియల్ కలిపి చేసిన శాండ్‌విచ్ సీన్ ఒకటుంది. చూస్తే మీకే అర్థమవుతుంది, ఈ గేమ్‌ని ఎందుకు కొందరు మర్చిపోలేరో.

మా పీజీలో నా రూమ్మేట్‌కి దీన్ని చూపించాను. నలభై నిమిషాలు ఆడి, ‘ఏంట్రా ఈ పీఎస్2 గ్రాఫిక్స్, నా వల్ల కాదు’ అని కంట్రోలర్ పక్కన పెట్టేశాడు. వాడి మాటలో తప్పేం లేదు. గేమ్ మొదలయ్యేదే దాని బలహీనమైన భాగంతో. కారు యాక్సిడెంట్ అవుతుంది, చీకట్లో అడవి దారి, మొద్దు షూటింగ్. ఊరు, మనుషులు, టైమ్‌టేబుళ్ళు ఇవన్నీ ఆ తర్వాతే తెరుచుకుంటాయి. అందుకని ఏ రివ్యూ చదివినా, రివ్యూయర్ మాట్లాడుతున్న విషయాలు గేమ్‌లో ఏ భాగానికి చెందినవో గమనించండి. ఫోన్‌కైతే ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’కీ, నెల వాడాక రాసినదానికీ మధ్య తేడా మనం ఎప్పుడో నేర్చుకున్నాం. గేమ్‌లకి వచ్చేసరికి ఆ జాగ్రత్త మర్చిపోతాం.

బగ్గా, ఫీచరా?

డెవలపర్లు తప్పించుకోవడానికి వాడే పాత జోక్ ఒకటుంది కదా, ‘అది బగ్ కాదు, ఫీచర్’ అని. ఈ గేమ్ అభిమానులు ప్రతి లోపానికీ ఆ మాటే అంటారు. నేను అంత దూరం వెళ్ళను. కొన్నింటికి ఆ మాట నిలబడుతుంది, కొన్నింటికి నిలబడదు.

కారు నెమ్మదిగా వెళ్తుంది అన్న కంప్లైంట్ తీసుకోండి. ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి నిమిషాల తరబడి డ్రైవింగ్. కానీ ఆ టైమ్‌లోనే యార్క్ పాత హాలీవుడ్ సినిమాల గురించి జాక్‌తో కబుర్లు చెబుతాడు. జాక్ అంటే ఎవరు అన్న ప్రశ్న ఆ కబుర్లతోనే మెల్లగా మన మనసులో నాటుకుంటుంది. కారు స్పీడ్‌గా వెళ్తే ఆ పని జరగదు. ఇండికేటర్లు, వైపర్లు కూడా విడిగా వేసుకోవచ్చు. రేసింగ్ గేమ్ చేతకాక చేసినవాళ్ళు వైపర్ స్విచ్ పెట్టరు. షేవింగ్, కాఫీ లాంటి రోజువారీ పనులు గేమ్‌లో పెట్టడం వెనక కూడా ఆలోచన ఉంది. ఆటగాడు గేమ్ ఆపేశాక కూడా దాని గురించి ఆలోచించేలా చేయడం ఎలా అన్నది స్వెరీ తన 2011 జీడీసీ ప్రసంగంలో వివరించారు. పొద్దున కాఫీ కలుపుకునేటప్పుడు యార్క్ గుర్తొస్తే ఆయన గెలిచినట్టు. నాకు గుర్తొస్తాడు.

ఇక మ్యాప్. మీరు తిరిగినప్పుడల్లా అదీ తిరుగుతుంది, వెడల్పుగా చూపించదు. దీనికి ఏ కళాత్మక సమర్థనా లేదు. అది చెడ్డ మ్యాప్, అంతే. నీడలతో ఫైటింగ్ కూడా అంతే. మామూలు పిస్టల్‌కి బుల్లెట్లు ఎప్పటికీ అయిపోవు, అంటే సర్వైవల్ హారర్‌కి ప్రాణమైన ‘ఇంకెన్ని మిగిలాయి’ అన్న భయమే పోయింది. శ్వాస బిగబట్టి నీడలకి కనపడకుండా పోయే ఐడియా బాగుంది కానీ దాన్ని సరిగ్గా వాడుకోలేదు.

కాబట్టి నా టెస్ట్ ఇది: ఆ లోపాన్ని సరిచేస్తే గేమ్‌లో ఇంకేదైనా చెడిపోతుందా? కారు స్పీడ్ పెంచితే చెడిపోతుంది. మ్యాప్ బాగుచేస్తే ఏమీ చెడిపోదు. అభిమాని రాసిన రివ్యూనైనా, కోపంగా రాసిన రివ్యూనైనా ఈ ప్రశ్నతో జల్లెడ పట్టొచ్చు.

ధర ఎక్కడ రాయాలి?

చాలామంది పట్టించుకోని విషయం ఇది. అప్పట్లో అమెరికాలో పెద్ద గేమ్ అంటే 60 డాలర్లు. ఇది 20 డాలర్లకే వచ్చింది. మరి స్కోర్‌లో ధరని కలపాలా వద్దా? కలిపితే, రేపు ధర మారినప్పుడు స్కోర్ అబద్ధమైపోతుంది. కలపకపోతే, 12 వేల ఫోన్‌ని లక్ష రూపాయల ఫోన్‌తో కుస్తీకి దింపినట్టు ఉంటుంది. నా ఉద్దేశంలో ధరని స్కోర్‌లోంచి తీసి మాటల్లో రాయాలి. ‘20 డాలర్లకి ఓకే, 60కి వద్దు’ అన్న ఒక్క లైన్, పాయింట్ తర్వాత ఉండే ఏ అంకె కంటే ఎక్కువ పనికొస్తుంది.

68 అనే అంకె

ఎక్స్‌బాక్స్ 360 వెర్షన్‌కి మెటాక్రిటిక్‌లో వచ్చింది 68. పసుపు రంగు డబ్బా. గేమ్‌లకి అక్కడ 50 నుంచి 74 వరకు ‘మిశ్రమ స్పందన’ కింద లెక్క. పైగా ఏ సైట్‌కి ఎంత వెయిటేజ్ ఇస్తారో మెటాక్రిటిక్ బయటికి చెప్పదు.

బీటెక్ సెకండియర్‌లో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి స్టాండర్డ్ డీవియేషన్ గుర్తుండే ఉంటుంది. ఇద్దరు 2, ఇద్దరు 10 ఇస్తే యావరేజ్ 6. నలుగురు 5, 6, 6, 7 ఇచ్చినా యావరేజ్ 6. మొదటి దాంట్లో స్టాండర్డ్ డీవియేషన్ 4, రెండో దాంట్లో సుమారు 0.7. రెండోది ఎవరికీ పెద్దగా నచ్చని, ఎవరినీ బాధించని ప్రొడక్ట్. మొదటిది మీకు ప్రాణంగానైనా నచ్చుతుంది, లేదా గంటలో అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. ఈ రెండూ పూర్తిగా వేరు వేరు వస్తువులు, కానీ పసుపు డబ్బాలో ఒకేలా కనిపిస్తాయి. షాపింగ్ యాప్‌లలో 4.1 స్టార్స్ పక్కన బార్ గ్రాఫ్ ఉంటుంది చూడండి, 5 స్టార్ ఎందరు, 1 స్టార్ ఎందరు అని. ముందు అది చూడాలి. 1 స్టార్ బార్ పొడుగ్గా ఉందంటే, ఆ రివ్యూలు చదవకుండా కొనకండి. ఫోన్లలో అది తరచుగా హీటింగో, సర్వీస్ సెంటర్ సమస్యో అయి ఉంటుంది.

ఈ అంకెల మీద ఆధారపడేది మన షాపింగ్ ఒక్కటే కాదు. అదే 2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’ సంగతి తెలుసా? మెటాక్రిటిక్‌లో 85 వస్తే అబ్సీడియన్ స్టూడియోకి బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదు. ఆ స్టూడియోలో పనిచేసిన క్రిస్ అవెలోన్ 2012లో దీన్ని బయటపెట్టారు. ఒక్క పాయింట్ తేడాతో ఒక టీమ్ మొత్తం బోనస్ పోయింది. ఆ ఒక్క పాయింట్ గేమ్ నాణ్యతలో తేడాని కొలుస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేరు. అప్రైజల్ రేటింగ్ చూసుకున్న ప్రతి ఐటీ ఉద్యోగికీ ఈ బాధ తెలుసు.

పదేళ్ళ తర్వాత అదే పరీక్ష

2020 జూలైలో స్విచ్ మీద ‘డెడ్లీ ప్రెమొనిషన్ 2’ వచ్చింది. అదే డైరెక్టర్, అదే యార్క్, అదే వింత హాస్యం. కానీ ఈసారి కల్ట్ గేమ్‌కి సీక్వెల్ అన్న పేరు ముందే ఉంది. ధర కూడా 20 డాలర్లు కాదు. ఓపెన్ వరల్డ్‌లో ఫ్రేమ్‌రేట్ దారుణంగా పడిపోయింది. రివ్యూలు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. పైన చెప్పిన టెస్ట్ పెట్టండి: ఫ్రేమ్‌రేట్ బాగుచేస్తే ఏమైనా చెడిపోతుందా? లేదు. పదేళ్ళ కిందట ‘అదే దాని అందం’ అన్నవాళ్ళు కూడా ఇక్కడ ఆ మాట అనడం కష్టం.

ఇంకో ముఖ్యమైన విమర్శ, ట్రాన్స్‌జెండర్ పాత్రను చూపించిన తీరు మీద వచ్చింది. స్వెరీ క్షమాపణ చెప్పి, ఆ సీన్లను తిరగరాస్తానన్నారు. మొదటి గేమ్‌లోనూ ఇలాంటి సమస్య ఉంది. ఇప్పుడు మళ్ళీ ఆడేవాళ్ళు దాన్ని గమనిస్తున్నారు. నాకు కూడా ఆ భాగం ఇబ్బందిగానే అనిపించింది. గేమ్ ఫైల్స్ మారలేదు, చూసే కళ్ళు మారాయి. కాబట్టి ఏ రివ్యూ చదువుతున్నా దాని తేదీ చూడండి.

ఆడాలనుకుంటే ఏ వెర్షన్?

పీసీ వెర్షన్ 2013 అక్టోబర్‌లో స్టీమ్‌లోకి వచ్చింది. అది 2013లో పీఎస్3కి వచ్చిన డైరెక్టర్స్ కట్ ఆధారంగా చేసినదే, కానీ రిజల్యూషన్ 720పి దగ్గరే లాక్ అయి ఉంటుంది. ‘డార్క్ సోల్స్’ పీసీ పోర్ట్‌ని బాగుచేసిన ‘డ్యూరంటే’ అనే మోడర్ దీనికీ ‘డీపీఫిక్స్’ అని ఒక మోడ్ చేశారు. అది వేసుకోకుండా మొదలుపెట్టకండి. రిజల్యూషన్ మీ స్క్రీన్‌కి తగ్గట్టు పెట్టుకోవచ్చు. అయినా క్రాష్‌లు ఉంటాయి, కాబట్టి సేవ్ పాయింట్ కనపడిన ప్రతిసారీ సేవ్ చేసుకోండి.

స్విచ్ ఉన్నవాళ్ళకి 2019 సెప్టెంబర్‌లో వచ్చిన ‘డెడ్లీ ప్రెమొనిషన్ ఆరిజిన్స్’ ఉంది. మోడ్‌లు, సెట్టింగ్స్ గొడవ వద్దనుకుంటే అదే తీసుకోండి. ఏదైనా సరే, సేల్‌లో కొనండి. అడవి సీన్ దాటి ఊళ్ళోకి అడుగుపెట్టి, కనీసం ఒక రోజు తిరిగాక మీ స్కోర్ ఎంతో కామెంట్‌లో పెట్టండి. అంకె పక్కన మీ గేట్ ఏమిటో కూడా రాయండి.